యాభై ఎనిమిది కిలోలు, ముప్ఫై ఒక్క దారాలు

సంత్రాగాఛి రైల్వే క్వార్టర్లు,
10 జూన్ 2024

అన్నయ్య గవరయ్య గారికి,

‘గారు’ ఎందుకు చేర్చానో మీకు అర్థమయ్యే ఉంటుంది. మీ కలకత్తా ఖిదిర్‌పూర్‌కీ మా సంత్రాగాఛికీ మధ్య ఒక నది, ఒక వంతెన, రెండు బస్సులు మాత్రమే ఉన్నాయి. నాకు ఆ దూరం చాలలేదు.

ఫోను చేయకుండా ఉత్తరం ఏమిటని ఆశ్చర్యపోకండి. ముప్ఫై ఏడేళ్లు రేవులో క్రేన్ల రొదలో కూర్చుని చెవులు అక్కడే వదిలేసి వచ్చారు. ఫోనులో ఎంత అరిచినా మీకు వినబడదు, మా పక్క క్వార్టరు వాళ్లకు మాత్రం అంతా వినబడుతుంది. కామాక్షమ్మ వదినతో చెప్పిద్దామంటే ఆవిడ సగం మాటలు మింగేసి, మిగతా సగానికి కన్నీళ్లు కలిపి చెబుతుంది. ఉత్తరమైతే నేను రాసింది రాసినట్టు అందుతుంది. పైగా మీ ఇంట్లో మీరు తప్ప తెలుగు చదవగలిగిన వాళ్లు లేరు. వదిన బడికి పోలేదు. మీ కొడుకు మధుబాబు, మనవరాలు ప్రణతి తెలుగు మాట్లాడతారు గానీ అక్షరాలు చూపిస్తే ముగ్గు చూసినట్టు చూస్తారు. కాబట్టి ఇంత భద్రమైన చోటు ఇంకెక్కడా దొరకదు.

ఇక విషయానికి వస్తాను. మల్లేశు బావ కూతురి పెళ్లిలో ఒకే బంతిలో నలభై మందిమి భోజనానికి కూర్చున్నాం. వడ్డిస్తున్న కుర్రాడు కామేష్‌ని ఆపి మీరేమన్నారో మీకు గుర్తుండకపోవచ్చు. అన్నవాళ్లకు ఎప్పుడూ గుర్తుండదు. “మా సెల్లికి రెండాకులు ఏయండ్రా, ఒక్కాకు సాల్దు” అన్నారు. నలభై మందీ నవ్వారు. మీ బావగారు కూడా నవ్వారు, ఆయన సంగతి ఇంటికి వచ్చాక చూశాననుకోండి. పప్పు కలిపిన అన్నం ఆకులోనే వదిలేసి లేచాను. మీ ఇంట్లో పెట్టిన సంచి తీసుకుని, క్షమాపణ చెప్పేదాకా ఈ గడప దాటనని చెప్పాను. అప్పుడైనా నోరు మూసుకున్నారా? “గడప ఎలాగూ ఇరుకేలే” అన్నారు.

నా బరువు ఎనభై నాలుగు కిలోలు. ఎవరో చెబితే వినడం ఎందుకని నేనే చెబుతున్నాను. మోకాళ్ల నొప్పికని ఇక్కడి ఆశిష్ డాక్టరు దగ్గరకు వెళితే ఒంట్లో రక్తమంతా సీసాల్లో పట్టించుకున్నాడు. ఫలితం వచ్చాక రాస్తాను. నేను పోతానని తేలితే మీకు సంతోషమే కదా, ఒక ఆకు మిగులుతుంది.

క్షమాపణ రాతపూర్వకంగా పంపండి. తేదీ వేయడం మరవకండి.

అప్పలలక్ష్మి

*

ఖిదిర్‌పూర్,
24 జూన్ 2024

శ్రీమతి అప్పలలక్ష్మి గారి దివ్య సముఖానికి,

మీ ఉత్తరం ఆరు రోజులు ప్రయాణం చేసి వచ్చింది. మోకాళ్ల నొప్పితో నువ్వే నడిచి వచ్చినా ముందే చేరేదానివి.

క్షమాపణ అడిగావు. క్షమాపణ అబద్ధం ఆడినవాడు చెప్పాలి. నేనేం అబద్ధం ఆడాను? ఉన్నమాట అన్నాను. నలభై మంది నవ్వారంటే నలభై మందికీ ఆ మాట ముందే తోచిందన్నమాట. చెప్పే ధైర్యం ఒక్కడికే ఉంది, అంతే తేడా.

దీంతో పాటు ఒక అట్టముక్క పెట్టాను, పారేయకు. హౌరా స్టేషనులో ఆ రంగుదీపాల తూకం మిషను ఇంకా ఒకటి బతికే ఉంది. మొన్న దాని మీద ఎక్కి దిగాను. యాభై ఎనిమిది కిలోలు. రేవులో చేరిన రోజు కంపెనీ డాక్టరు కాగితం మీద రాసింది యాభై ఎనిమిది. రిటైరైన రోజు యాభై ఎనిమిది. ఇప్పుడు అరవై ఆరేళ్లు నిండాక కూడా యాభై ఎనిమిదే. ఇన్నేళ్ల అట్టలన్నీ రబ్బరు బ్యాండు వేసి దాచాను, కావాలంటే మీ ఆశిష్ డాక్టరుకు పంపిస్తాను, ఫ్రేము కట్టించుకుంటాడు. అట్ట వెనక జాతకం కూడా చదువు. ‘మీ మాట మృదువు, మీకు శత్రువులు లేరు’ అని ఉంది. మిషనుకు తెలిసినంత కూడా తోబుట్టువుకు తెలియదు.

కొవ్వు అంటే ఏమిటి? పనీపాటా లేకుండా ఒంటి మీద కూర్చుని తినే చుట్టం. రమ్మన్నవాళ్లదే తప్పు. నేను రానివ్వలేదు. రోజూ భోజనం చేశాక నాలుగు రసగుల్లాలు తింటాను, టీలో మూడు చెంచాల పంచదార వేయించుకుంటాను. ఏదీ ఒంటికి అంటదు. మనిషి తీరు అది. మీ వదిన ఆశ్చర్యపోతూ ఉంటుంది.

నీ రక్తం ఫలితం కోసం ఎదురుచూస్తున్నాను. ఏం వస్తుందో నాకు తెలుసు, అయినా మర్యాదకోసం ఎదురుచూస్తున్నాను.

అన్న,
గవరయ్య (58 కిలోలు)

*

సంత్రాగాఛి,
12 జూలై 2024

అన్నయ్య గవరయ్య (58 కిలోల) గారికి,

మీకొక విషాద వార్త. నా రక్తంలో పంచదార సరిగ్గా ఉంది. కొలెస్టరాల్ సరిగ్గా ఉంది. కాలేయం సరిగ్గా ఉంది. రక్తపోటు ఒక్కటే కాస్త ముందుకు జరిగింది, అది మీ ఉత్తరం చదివాక చూపించుకోవడం వల్ల అనుకుంటున్నాను.

డాక్టరు కుర్రవాడే, నన్ను మాశిమా, అంటే పిన్నీ, అంటాడు. మీరు రాసిన ‘కూర్చుని తినే చుట్టం’ మాట అతనికి చెప్పాను. నవ్వాడు గానీ ఒప్పుకోలేదు. కొవ్వు ఊరికే కూర్చోదట, అదొక ఉద్యోగి అట. ఒంటికి వెచ్చదనం ఇస్తుంది, దెబ్బ తగిలితే ఎముకకు దిండు అవుతుంది, జబ్బుపడి తినలేని రోజుల కోసం సరుకు దాచిపెడుతుంది, ఇక చాలు తినకు అని మెదడుకు కబురు పంపుతుంది. మా ఇంట్లో ఇన్ని పనులు చేసే మనిషి నేను తప్ప ఇంకొకరు లేరు. కబురు పంపేది కూడా నేనే, మీ బావగారే వినరు.

కాకపోతే అది ఎక్కడ కూర్చుందన్నది ముఖ్యమట. మా అన్నయ్య రేవులో క్రేను నడిపేవాడని చెబితే, అయితే ఇలా రాయండి మాశిమా అన్నాడు. తొడల దగ్గర, నడుం కింద, చర్మం కింద ఉండే కొవ్వు గోదాములో సర్దిన సరుకు. దానివల్ల గొడవ తక్కువ. కొంతమందికి పుట్టుకతోనే ఆ గోదాము చిన్నది. పైనుంచి సరుకు దిగుతూనే ఉంటుంది, లోపల చోటు లేదు. అప్పుడేమవుతుంది? జెట్టీ మీద, రోడ్డు మీద, ఆఫీసు గుమ్మంలో పడేస్తారు. ఒంట్లో ఆఫీసు గుమ్మం అంటే కాలేయం, పేగుల చుట్టూ ఉన్న చోటు. అక్కడ పడ్డ కొవ్వు కుదురుగా ఉండదు, పక్కవాళ్ల పని కూడా చెడగొడుతుంది. పంచదార జబ్బు అక్కడి నుంచే మొదలవుతుందట. మన దేశంలో సన్నగా కనిపించే మగవాళ్లలో ఇది చాలామందికి ఉందనీ, సన్నగా ఉన్నారు కదా అని వాళ్లను ఎవరూ అనుమానించరనీ చెప్పాడు.

నన్ను వదిలిపెట్టాడని అనుకోకండి. మోకాళ్లు బతకాలంటే పది కిలోలు తగ్గమన్నాడు. నడుము చుట్టుకొలత కూడా హద్దు దాటిందని టేపు చూపించాడు. రోజూ పొద్దున సంత్రాగాఛి ఝీల్ చెరువు చుట్టూ నడుస్తున్నాను. శీతాకాలంలో అక్కడ బాతులు దిగుతాయి చూడండి, అప్పటికి వాటితో సమానంగా నడవాలని ఆశ.

తర్వాత మీ అట్టముక్క చూపించాను. బరువు సరే, పొట్ట ఎలా ఉంటుందని అడిగాడు. చొక్కా వదులుగా వేసుకుంటారని చెప్పాను. మా అన్నయ్యను నేను పరాయివాళ్ల దగ్గర తక్కువ చేయను. ఆ పని బంతి భోజనాల్లో చేసేవాళ్లు వేరే ఉన్నారు.

ఒక్కసారి రక్తం చూపించుకోండి. క్షమాపణకు ఇంకా చోటు ఉంచాను.

అప్పలలక్ష్మి

*

ఖిదిర్‌పూర్,
2 ఆగస్టు 2024

గోదాము గారికి,

నీ రక్తం మంచిదని తెలిసి సంతోషించాను. నిజంగానే. ఈ ఒక్క వాక్యంలో వెటకారం లేదు, వెతక్కు.

ఇక నా పొట్ట గురించి పరాయి కుర్రాడు ఆరా తీయడం ఏమిటి? తాత అయినవాడికి కాస్త పొట్ట ఉండడం ఒక హోదా. అదీ కొవ్వు కాదు, గ్యాసు. ముప్ఫై ఏడేళ్లు జెట్టీ చూసినవాడికి జెట్టీ పాఠం చెబుతున్నాడు. మా రోజుల్లో గోదాము నిండితే ఓడను రెండు రోజులు నది మీదే ఆపేవాళ్లం. నా ఒంట్లోనూ ఏదో ఒక ఫోర్‌మన్ ఉండే ఉంటాడు, వాడు చూసుకుంటాడు.

నా ఆరోగ్యం ఎలాంటిదో ఒక్క ఉదాహరణ చెబుతాను, మీ డాక్టరుకు చదివి వినిపించు. పోయిన శనివారం మిట్టమధ్యాహ్నం బజారు నుంచి చేపలు తెచ్చాను. గుమ్మంలో ప్రణతి ఆపి, “తాతా, ఒక సెప్పేదీ?” అంది. చూసుకుంటే ఎడమకాలికి చెప్పు లేదు. ఎక్కడ జారిందో తెలియదు. తారు కరిగే ఎండలో అరమైలు ఒంటిచెప్పుతో నడిచివచ్చాను, అరికాలు చురుక్కుమని కూడా అనలేదు. ఇనుప నిచ్చెనలు ఎక్కిన కాళ్లివి. నీ కాళ్లయితే గుమ్మం దాటకముందే మొర్రో అనేవి.

ఈ ఏడు ఉక్కపోత కూడా మరీ ఎక్కువ. ఒక్కో విడతకు మూడు గ్లాసుల నీళ్లు తాగుతున్నాను, తాగినవి తాగినట్టే గంటకోసారి బాత్రూములో వదిలి వస్తున్నాను. అక్కడ ఇంకో వింత. బాత్రూములో చీమలు బారులు కట్టాయి. మీ వదిన నన్నే నిలదీసింది. “ఏటి, సీమలన్నీ ఈడికే వస్తన్నాయి? ఇక్కడ బెల్లం దాసినావేటి?” అంది. నలభై నాలుగేళ్ల కాపురంలో నా మీద వేసిన నిందల్లో ఇది కొత్తది. ఖిదిర్‌పూర్ చీమలకు వంటింటికీ బాత్రూముకూ తేడా తెలియడం మానేసింది, కాలం అలా ఉంది.

బావను అడిగానని చెప్పు. పెళ్లిలో నవ్వినందుకు ఆయనకు ఇంకా అన్నం పెడుతున్నావో లేదో కూడా రాయి.

గవరయ్య

*

సంత్రాగాఛి,
9 ఆగస్టు 2024

అన్నయ్యా,

నీ ఉత్తరం ఆశిష్ డాక్టరుకు చదివి వినిపించాను, నువ్వు చెప్పావు కాబట్టి. చెప్పు దగ్గర కలం కింద పెట్టాడు. చీమల దగ్గర లేచి నిలబడ్డాడు.

ఎడమకాలు నేల మీద పెడితే నీకు తెలుస్తోందా? కళ్లు మూసుకుని వదినను వేలు తాకించమను, ఏ వేలు తాకిందో చెప్పగలవా? అరికాలు అద్దంలో చూసుకో. ఎక్కడైనా చిన్న గీత ఉన్నా రాయి. చీమలు దారి తప్పి రాలేదు, వాటికి పంచదార ఎక్కడుందో నీకంటే బాగా తెలుసు.

రేపే రక్తం చూపించుకో. మీ సందు చివర ల్యాబులో చూపించుకున్నా చాలు. క్షమాపణ సంగతి తర్వాత చూద్దాం.

అప్పలలక్ష్మి

*

ఖిదిర్‌పూర్,
20 సెప్టెంబరు 2024

అప్పలలక్ష్మీ,

ఇన్నాళ్లూ ‘మీరు’, ‘గారు’ అని నెత్తిన కూర్చోబెట్టి, ఒక్కసారిగా ‘నువ్వు’లోకి దించావు. చీమల పుణ్యమే అనుకుంటాను.

జవాబు ఆలస్యమైంది. పనులు. రిటైరైనవాడికి ఏం పనులని అడగకు, ఊరికే కూర్చోవడానికి కూడా సమయం పడుతుంది. రక్తం చూపించుకోలేదు. చూపించుకుంటే పంచదార ఉందంటారు, ఉందంటే రసగుల్లా మానమంటారు, మానాక ఈ కలకత్తాలో మనిషి బతికి ఏం చేయాలి? అరికాలు అద్దంలో చూసుకోమన్నావు. ముఖమే చూసుకోవడం మానేసి చాలాకాలమైంది.

ఈ కవర్లో దారం పెట్టాను. దీపావళి దగ్గరకు వస్తోంది కదా. అమ్మ ఉన్నన్నాళ్లూ ఏటా దీపావళికి నా నడుముకు దారం చుట్టి, కొలత చూసి, కొత్త మొలతాడు తన చేత్తో పేని కట్టేది. అమ్మ పోయాక ఆ పని నువ్వు నెత్తిన వేసుకున్నావు. నాతో మాట్లాడకపోయినా మొలతాడు మానవని నాకు తెలుసు. బొడ్డు మీదుగానే చుట్టి, కలిసిన చోట ముడి వేశాను. పోయిన ఏటిది బిగుతై ఎప్పుడో తెగిపోయింది. ఈమధ్య దారాలు కూడా నాసిరకం వస్తున్నాయి.

ఈ ఏడు దుర్గాపూజకు పందిళ్లు చూడడానికి రానన్నాను. ప్రణతి అలిగింది. తాత లేకుండా ఒక్క పూజ కూడా చూడలేదు ఆ పిల్ల. జనంలో నిలబడే ఓపిక లేదని చెప్పాను. మంచం మీద కూర్చుని ఢాకు వాయిద్యం వింటాను, అంటే వినబడినంత మేరకు. మీ వదిన పొద్దునొకసారి సాయంత్రమొకసారి పసుపు నూరి గుడ్డ కడుతోంది. ఎందుకని అడగకు. ఆవిడకు ఇంట్లో పసుపు ఎక్కువైంది.

గవరయ్య

*

సంత్రాగాఛి,
27 సెప్టెంబరు 2024

అన్నయ్యా,

నీ దారం అందింది. ఎప్పటిలాగే దాని కొలతకు మొలతాడు పేని, దారం బిస్కెట్ల డబ్బాలో వేయబోయాను. అమ్మ పోయినప్పటి నుంచి నువ్వు పంపిన కొలత దారాలన్నీ అందులోనే వేస్తూ వచ్చాను. దేనికని అడిగితే చెప్పలేను, పారేయబుద్ధి కాలేదు, అంతే. ప్రతిదానికీ ఏ ఏడో కాగితం చుట్టి ఉంది.

ఇవాళ డబ్బా బోర్లించాను. నేల మీద ఒక చివర సమానంగా పెట్టి వరసగా పరిచాను. ముప్ఫై ఒక్క దారాలు. మీ బావగారు కూడా వచ్చి కూర్చున్నారు.

మొదటి దారానికీ ఇప్పటి దారానికీ జానెడు తేడా ఉంది అన్నయ్యా. ఒక్క ఏడు కూడా వెనక్కి రాలేదు. నీ చేతులు సన్నబడ్డాయి, పిక్కలు ఎండిపోయాయి, కండ పోయిన బరువంతా పొట్టలో చేరింది. అందుకే నీ మిషను యాభై ఎనిమిదే చూపిస్తూ వచ్చింది. అది అబద్ధం చెప్పలేదు, దాన్ని మనం అడగాల్సింది అడగలేదు. నువ్వు అట్టలు దాచుకున్నావు, నేను దారాలు దాచుకున్నాను. ఏటా నా చేత్తో కొలిచి, నా చేత్తో పేని, నిరుటి దాని పక్కన పెట్టి చూడాలన్న తెలివి నాకు ఒక్కసారి రాలేదు. నీ మీద కోపం కంటే నా మీద నాకే ఎక్కువ కోపంగా ఉంది.

పసుపు ఎందుకో నాకు తెలుసు. వదినకు ఫోను చేశాను. ఎడమకాలి చిటికెన వేలి దగ్గర పుండు పడి నలభై రోజులైందట. నీకు నొప్పి లేదట. నొప్పి లేకపోవడమే జబ్బు. ఎవరికీ చెప్పొద్దని ఒట్టు పెట్టించుకున్నావట. వదిన ఒట్టు నిలబెట్టుకుంది, నేను అడిగిందానికి ఏడ్చింది తప్ప ఒక్క మాట చెప్పలేదు. చెప్పింది ప్రణతి.

నాకు భయంగా ఉంది. దీన్ని వెటకారంగా ఎలా రాయాలో తెలియక ఇలాగే రాస్తున్నాను.

ఈ ఉత్తరం గురువారానికి నీకు అందాలి. అందకపోయినా సరే, శుక్రవారం పదిగంటలకు టాక్సీ మీ గుమ్మం ముందు ఆగుతుంది. అందులో నేనుంటాను. భవానీపూర్ ఆస్పత్రిలో ఆశిష్ డాక్టరు మాట్లాడి ఉంచాడు. నేను మీ గడప దాటను, మాట అంటే మాటే. నువ్వు దాటి రా.

అప్పలలక్ష్మి

*

భవానీపూర్ ఆస్పత్రి,
మగవాళ్ల వార్డు, కిటికీ పక్క మంచం,
26 అక్టోబరు 2024

చెల్లెమ్మా,

నువ్వు రోజూ సాయంత్రం వచ్చి పోతూనే ఉన్నావు. అయినా ఉత్తరమే రాసి నీ చేతికిస్తున్నాను. నువ్వు ఎదురుగా ఉంటే నాకు సగం వినబడదు, మిగతా సగానికి ఎదురు చెప్పాలనిపిస్తుంది.

చిటికెన వేలు పోయింది. మిగతా నాలుగూ ఉన్నాయి. ఇంకో పది రోజులు ఆగి ఉంటే పాదమంతా తీసేవాళ్లమని ఇక్కడి పెద్ద డాక్టరు చెప్పాడు. పంచదార ఎంత ఉందో చెప్పాడు, ఆ అంకె ఇక్కడ రాయను, చదివితే చీమలు ఉత్తరానికి పడతాయి. తర్వాత మిషను మీద ఎక్కించారు. యాభై ఎనిమిది. సంతోషం పట్టలేక ఇక్కడి కుర్ర డాక్టరుకు నా అట్టల సంగతి చెప్పాను. అతను ఓపికగా విని, టేపు తీసి పొట్ట కొలిచాడు. ఫొటో తీసి చూపించారు, కాలేయం నిండా కొవ్వే. ముప్ఫై ఏడేళ్లు ఓడల సరుకు ఒక్క బస్తా తేడా రాకుండా దించినవాణ్ని, నా సొంత సరుకు జెట్టీ మీద కుళ్లుతుంటే కనిపెట్టలేకపోయాను.

ఆ శుక్రవారం గురించి ఒక మాట రాయాలి. టాక్సీ వచ్చాక నలభై నిమిషాలు నేను మంచం దిగలేదు. మధుబాబు బతిమాలాడు, మీ వదిన కాళ్లు పట్టుకుంది. నువ్వు లోపలికి వస్తే తిట్టి పంపుదామని చూశాను. నువ్వు రాలేదు. గుమ్మం అవతల ఎండలో, ఆ మోకాళ్లతో నిలబడ్డావు. సందులో జనం పోగయ్యారు. అప్పుడు అన్నావు. “అన్నియ్యా, నా మీద కోపముంటే నన్ను తిట్టు. నీ కాలేటి సేసింది?” అన్నావు. ఈ చెవులకు ఈ పదేళ్లలో స్పష్టంగా వినబడిన మాట అదొక్కటే. అందుకే లేచాను.

ఇదిగో క్షమాపణ. మల్లేశు ఇంట పెళ్లి బంతిలో నలభై మంది ముందు నేను అన్నమాట తప్పు. గడప గురించి అన్నది ఇంకా తప్పు. నవ్వు తెప్పించాలని అన్నాను, నువ్వు అన్నం వదిలి లేచినప్పుడు కూడా నవ్వుతూనే ఉన్నాను, అది గుర్తుకొస్తే సిగ్గుగా ఉంది. అందరి ముందు అన్నది అందరి ముందే వెనక్కి తీసుకోవాలని, నిన్న ఈ వార్డులో పద్నాలుగు మంది ముందు గట్టిగా చెప్పాను. ఒక్కడికీ తెలుగు రాదు. పక్క మంచం బెంగాలీ దాదా నాకు జ్వరం వచ్చిందనుకుని నర్సును పిలిచాడు.

తేదీ పైన వేశాను.

మీ అన్న,
గవరయ్య

*

సంత్రాగాఛి,
29 అక్టోబరు 2024

అన్నయ్యా,

క్షమాపణ అందింది. బిస్కెట్ల డబ్బాలో పెట్టాను, అవసరమైనప్పుడల్లా తీసి చదువుకుంటాను. మీ బావగారికి ఒకసారి చదివి వినిపించాను. పెళ్లిలో నవ్వినందుకు తనూ రాసివ్వాలా అని అడిగారు. ఆలోచిస్తున్నాను.

ఎల్లుండి దీపావళి. మొలతాడు ఈ కవర్లో ఉంది. వెంటనే కట్టుకోబోకు, అందదు. ఇది ఈ ఏటి కొలత కాదు, నువ్వు రిటైరైన ఏటి కొలత. డబ్బాలోంచి ఆ దారం తీసి దాని ప్రకారం పేనాను. నాలుగు వేళ్లు తక్కువ. డాక్టరు చెప్పిన తిండి తిని, చెప్పిన మందు వేసుకుని, కుర్చీలోంచి రోజూ ముప్ఫైసార్లు లేచి కూర్చుని ఆ పిక్కలకు కాస్త కండ తెచ్చుకో. కాలు మానాక నడువు. ఊపిరి బిగబట్టి ముడి వేస్తే లెక్కలోకి రాదు. ప్రణతిని సాక్షిగా పెట్టాను, ఆ పిల్లకు తెలుగు చదవడం రాకపోయినా దొంగతనం పట్టుకోవడం వచ్చు.

క్షమాపణ చెప్పావు కాబట్టి నేను గడప దాటాలి. దాటుతాను. ఎప్పుడంటే, ఈ ముడి పడిన రోజున.

ఇంకో దారం కూడా ఉంది చూడు, పచ్చది. అది నా నడుము కొలత. మీ బావగారికి కూడా చూపించలేదు. నీ అట్టముక్కల పెట్టెలో వేసుకో. ఎవరికైనా చెప్పావో, రెండో కాలి చిటికెన వేలు నేను తీస్తాను.

అప్పలలక్ష్మి

*

ఖిదిర్‌పూర్,
16 ఏప్రిల్ 2025

చెల్లెమ్మా,

ముడి పడింది. ఊపిరి వదిలి, బొడ్డు మీదుగానే. ప్రణతి రెండుసార్లు విప్పించి మళ్లీ కట్టించింది, నన్ను నమ్మలేదు.

ఆ ఊపులో కర్ర పట్టుకుని హౌరా స్టేషనుకు పోయి మిషను ఎక్కాను. యాభై ఆరు. ఇన్నేళ్ల రికార్డు పోయింది. అట్ట వెనక ‘మీకు త్వరలో గొప్ప నష్టం’ అని ఉంది. రసగుల్లాలు పోయాక ఇంకేం నష్టమని నవ్వుకున్నాను. రబ్బరు బ్యాండు తీసి అట్టలన్నీ అక్కడి చెత్తడబ్బాలో వేసి వచ్చాను. నీ పచ్చదారం ఒక్కటే పెట్టెలో ఉంది.

ఆదివారం భోజనానికి రా. బావను కూడా తీసుకురా. మీ వదిన నాకు వండే తిండే అందరికీ పెడుతుందట, కాబట్టి పెద్ద ఆశలు పెట్టుకోకు. సొరకాయ, చేపల పులుసు, గుప్పెడు అన్నం. నీ పచ్చదారం ఎంతవరకు వచ్చిందో నేను అడగను. అడిగే అర్హత వచ్చేసరికి ఇంకో పదేళ్లు పడుతుంది.

గడప ఇరుకేమీ కాదు. నిన్న నిలబడి చూశాను, ఇద్దరు పక్కపక్కన దాటేంత ఉంది. నీ కోసం ఎదురొచ్చి, నీతో కలిసి దాటుతాను, నాకూ ఇప్పుడు పట్టుకోవడానికి ఒక చెయ్యి కావాలి.

అరటాకులు ప్రణతి తెస్తానంది. సంత్రాగాఛి మామ్మకు ఎన్నాకులు వేయాలి తాతా అని అడిగింది, ఆ పెళ్లి సంగతి ఆ పిల్లకూ తెలుసు మరి. రెండు వేయమన్నాను. ఒకటి నీకు, దాని పక్కన ఒకటి నాకు. ఆరోజు ఆకులో వదిలేసిన పప్పన్నం నువ్వు తిని లేచాకే నేను లేస్తాను.

గవరయ్య